తరంగంబాడి చర్చి - మన తెలుగు

సంపాదకులకు,

అయ్యా,

తిరుక్కడయూరు అభిరామి అమ్మవారి సన్నిధిలో షష్టిపూర్తి జరుపుకొనుటకు, తమిళనాట తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములు కూడ వచ్చుచుండును. భోజనములు ముగిసిన పిమ్మట పిల్లలను వెంటబెట్టుకొని, సమీపముననే ఉన్న తరంగంబాడి సముద్రతీరమునకు పోవుట వాడుక. అక్కడ డెన్మార్కువారి కోటను చూచి, కాసేపు గాలి పీల్చుకొని తిరిగివచ్చెదరు. ఆ ఊరి రాజవీధిలోని పాత చర్చిని మాత్రము మనవారు పట్టించుకొనరు. మా బావమరిది షష్టిపూర్తికి పోయినపుడు నేను దాని మెట్లెక్కబోగా, మా మేనల్లుడు "మామయ్యా, అది వాళ్ల గుడి గదా, మనకేం పని?" అన్నాడు. వానికి ఆనాడు దారిలో సరిగా చెప్పలేకపోయిన జవాబును తమ పత్రికాముఖమున చెప్పుకొనుచున్నాను.

ముందుగా ఆ నేల సంగతి. 1620లో డెన్మార్కువారికి ఆ రేవున చోటిచ్చినది తంజావూరు రఘునాథ నాయకుడు. ఆయన ఏలిక మాత్రమే కాదు, తెలుగు కవి. ఆయన కొలువున తెలుగు కావ్యములు వర్ధిల్లినవి. కాబట్టి ఆ ఊరి కథ మొదటి పుటలోనే మన పేరున్నది.

1706లో డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపగా జీగెన్‌బాల్గ్, ప్లుచావ్ అను ఇద్దరు జర్మను లూథరన్ బోధకులు అక్కడ దిగినారు. మరుసటి యేడే ఒక చిన్న చర్చి కట్టించినారు. అది సముద్రపు పోటుకు దెబ్బతినగా, 1717లో రాజవీధిలో కొత్తదానికి పునాది వేసినారు. 1718 అక్టోబరు 11వ తేదీన అది ప్రతిష్ఠితమైనది. నాలుగు నెలలు దాటిన కొద్దిరోజులకే, 36 ఏండ్ల వయస్సున జీగెన్‌బాల్గ్ కన్నుమూసినాడు. ఆయన సమాధి ఆ చర్చిలోపలనే ఉన్నది.

కట్టడములో ఆడంబరము లేదు. ఆకాశమంటు గోపురము లేదు. ఎదుటి గోడపై కిరీటము, రాజుగారి నామాక్షరముల ముద్ర, 1718 అను అంకె, అంతే. లోపలికి పోయినచో అది సిలువ ఆకారమున నాలుగు రెక్కలుగా ఉన్నదని తెలియును. ఏ రెక్కలో కూర్చున్నను నడుమ చెప్పు మాట చెవిని పడును. బోధ వినుటయే ముఖ్యముగా భావించు లూథరన్‌లకు తగిన కట్టడము.

జీగెన్‌బాల్గ్ పోయిన ఏడాదే, 1719లో, బెంజమిన్ షుల్జ్ ఆ ఊరు చేరి ఆ పని నెత్తికెత్తుకొన్నాడు. 1726లో చెన్నపట్టణము పోయి, అక్కడ తెలుగు నేర్చినాడు. 1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణము వ్రాసినాడు. అది 1984 వరకు అచ్చుకాలేదు. బైబిలును తెలుగులోనికి దింపినాడు. తరంగంబాడి ముద్రణాలయము తమిళమునకు ప్రసిద్ధి. తెలుగు అచ్చయినది అక్కడ కాదు. షుల్జ్ స్వదేశమునకు పోయిన తరువాత, 1746-47లో జర్మనీలోని హాలే పట్టణమున ఆయన తెలుగు పుస్తకములు అచ్చువేయించినాడు. అచ్చయిన తెలుగు పుస్తకములలో మొట్టమొదటివి అవే.

వారు మతప్రచారమునకే మన భాష నేర్చినారు గదా అని కొందరు అనవచ్చును. నిజమే, దాచవలసినది లేదు. కాని ముప్పదియేండ్లు కాగితముల నడుమ గడిపిన గుమాస్తాను నేను. కాగితము ఎవరు తెచ్చి పెట్టినను, అది పనికివచ్చునదైతే ఫైలులో ఉంచవలసినదే. తెచ్చినవాని మీద కోపముతో చించిపారవేయరాదు.

అదే తీరమున పాండ్యరాజులనాటి మాసిలామణినాథస్వామి గుడి ఉన్నది. దాని ముందుభాగమును సముద్రము మ్రింగినది. 2004 సునామీలో చర్చి కూడ దెబ్బతిన్నది. బాగుచేసి 2006లో తిరిగి తెరిచినారు. అలకు మావాళ్లు, మీవాళ్లు అను భేదము లేదు. రెండింటిని కాపాడుకొనవలసిన మనకు మాత్రము ఎందుకు?

నా మనవి చిన్నది. షష్టిపూర్తికి వచ్చిన పెద్దలు పిల్లలను ఆ చర్చిలోనికి కూడ తీసికొనిపోయి, అక్కడివారి అనుమతితో చూపవలెను. మన తెలుగు సంఘములు చర్చి పెద్దలతో మాట్లాడి, ఈ చరిత్రను ఒక్క కాగితమున తెలుగులో అచ్చువేయించి అక్కడ ఉంచవలెను. ఉగాది సభలో కప్పు శాలువలలో నాలుగు తగ్గించినచో ఆ ఖర్చు వెళ్లును.

అయితే ఒక చిక్కున్నది. మా మేనల్లుడు తెలుగు చక్కగా మాట్లాడును, చదువలేడు. నలువదికి దగ్గరపడిన వయస్సున ఒక జర్మనీవాడు ఓనమాలు దిద్ది వ్యాకరణము వ్రాసినాడు. మన ఇంటి పిల్లలకు ఆ అక్షరములు మనము ఎందుకు నేర్పలేదో, ముందు మనలను మనము ప్రశ్నించుకొనవలెను.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
కుంభకోణము.