ముల్లు కదిలితే చాలా?

మా బావకి హిందూపురంలో చిన్న లేత్ షాపు ఉంది. రెండు లేత్‌లు, ఒక డ్రిల్లింగ్ మెషీను, పనికి ఒక కుర్రాడు. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాలు చేసేవాళ్ళూ వచ్చారు. వాళ్ళకి సరుకిచ్చేవాళ్ళు, మళ్ళీ వాళ్ళకి పని చేసిపెట్టేవాళ్ళు... ఆ వరసలో చిట్టచివర మా బావ.

మొన్న సంక్రాంతికి వెళ్తే మనిషి మొహం మాడ్చుకుని ఉన్నాడు. పెనుకొండ నుంచి నలభై బుష్‌లు తిరిగొచ్చాయట, రనౌట్ ఎక్కువుందని. అంటే తిరిగే వస్తువు నడిమధ్య మీద సమంగా తిరక్కుండా వంకర పోతోందన్నమాట. కుర్రాడు జాబ్ సరిగ్గా బిగించలేదని బావ వాడి కూలీలో వెయ్యి రూపాయలు కోసేశాడు. "డయల్ పెట్టే చూస్తిన్నా, ముల్లు కదలనే లేదు" అని వాడు ఎంత మొత్తుకున్నా వినలేదు.

నాకు ఆ మాట దగ్గరే అనుమానమొచ్చింది. ఇన్నేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాకు నేర్పింది ఒకటుంది. టెస్టులో ఒక్క తప్పూ రాలేదంటే సంబరపడకూడదు, అసలు టెస్టు నడిచిందా అని చూడాలి. డయల్ గేజి తీసుకుని కింది ప్లంజర్‌ని వేలితో నొక్కి వదిలాను. పైకెళ్ళిన ప్లంజర్ అక్కడే ఉండిపోయింది, ముల్లూ అక్కడే ఆగింది. ఇంక జాబ్ ఎంత వంకర తిరిగినా ఈ గేజి 'అంతా బాగుంది' అనే చెప్తుంది!

ఇంతకీ లోపల ఏముంటుందంటే, ప్లంజర్ పక్కన రంపంలా పళ్ళుంటాయి. అవి బుల్లి పళ్ళచక్రాలని తిప్పుతాయి, ఆ చక్రాలు ముల్లుని తిప్పుతాయి. ప్లంజర్ ఒక మిల్లీమీటరు కదిలితే ముల్లు పూర్తిగా ఒక చుట్టు. చుట్టుకి నూరు గీతలు, గీతకి 0.01 మి.మీ. తలవెంట్రుక మందంలో ఐదో వంతో పదో వంతో అనుకోండి. పళ్ళ మధ్య సందు వల్ల ముల్లు తడబడకుండా వెంట్రుకలాంటి స్ప్రింగ్ ఒకటి ఆ చక్రాలని ఎప్పుడూ ఒకే పక్కకి లాగి పట్టుకుంటుంది.

వెనక మూత తీసి చూస్తే ప్లంజర్ నిండా నల్లటి జిగురు. "బిగుసుకుంటా ఉంటే అప్పుడప్పుడు మిషను నూనె చుక్క వేస్తాంటిని" అన్నాడు బావ. అదే కొంప ముంచింది. ప్లంజర్ పొడిగా ఉండాలి. నూనె వేసిన రోజు హాయిగా కదులుతుంది, తర్వాత ఇనుప రజనూ దుమ్మూ పట్టుకుని జిగురైపోతుంది.

పెట్రోలు గుడ్డతో తుడిచి పొడిగా ఆరబెట్టాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఇంజినీర్ని కదా, చక్రాలు కూడా శుభ్రం చేద్దామని చిమటా పెట్టి ఆ వెంట్రుక స్ప్రింగుని చిక్కుచేసి పెట్టాను. కొత్త గేజి కొనెయ్యొచ్చు, నిజమే. కానీ చెడగొట్టింది నేనయ్యె. రైలెక్కి ధర్మవరంలో నాకు తెలిసిన గడియారాల భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాను. హెచ్‌ఎంటీ వాచీల మీద పని నేర్చుకున్న మనిషి. ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు ఆయన కొట్టు ముందు భాగమంతా ఫోన్ కవర్లే. కంటికి లెన్సు పెట్టుకుని చూసి, "ఏమప్పా, చిమటా పెట్టిన మహానుభావుడెవురు?" అన్నాడు. "నేనే భాయ్" అన్నాను. అరగంటలో స్ప్రింగ్ సర్దేశాడు. ముల్లు ఎన్నిసార్లు నొక్కి వదిలినా సున్నాకే వస్తోంది.

చాలామంది రిపేరు ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. నా గొడవంతా ఇక్కడే. ముల్లు కదలడం వేరు, నిజం చెప్పడం వేరు. బెంగళూరులో టూల్‌రూమ్‌లో పనిచేసే మిత్రుడి దగ్గర స్లిప్ గేజిలతో పోల్చి చూశాం. అవి మందం ముందే కచ్చితంగా తెలిసిన ఉక్కు దిమ్మెలు. సున్నా దగ్గర బాగానే ఉంది, మొదటి రెండు మిల్లీమీటర్లూ బాగానే ఉంది. ఆరు మిల్లీమీటర్ల దగ్గర మాత్రం మూడు గీతలు తక్కువ చూపిస్తోంది. ఎన్నిసార్లు చూసినా అదే మూడు గీతలు. ప్రతిసారీ ఒకే అబద్ధం చెప్పేవాణ్ణి మనం ఇట్టే నమ్మేస్తాం కదా!

అందుకని దాన్ని పారెయ్యలేదు. నాలుగు దవడల చక్‌లో జాబ్‌ని మధ్యకి తెచ్చుకోవడానికి ఆ మొదటి మిల్లీమీటరు చాలు. "సైజు కొలవడానికి కాదు" అని వెనక కాగితం అంటించాం. సైజు కొలవడానికి కొత్తది కొన్నాడు బావ.

ఇంట్లో రిపేరు చేసుకోవద్దని నేననను. తుడవడం వరకూ ఎవరైనా చెయ్యొచ్చు, స్ప్రింగ్ జోలికి మాత్రం చెయ్యి తిరిగినవాళ్ళే వెళ్ళాలి. ఎవరు బాగుచేసినా, ముందే కొలత తెలిసిన వస్తువు మీద పెట్టి చూసేదాకా అది బాగైనట్టు కాదు. పనివాడి మీద కేకలేసే ముందు గేజిని ఒకసారి నొక్కి వదిలి చూడండి, రెండు సెకన్ల పని.

ఆ వెయ్యి రూపాయలు? "ఉగాదికి ఇనామని చెప్పి ఇచ్చేస్తాలే" అన్నాడు బావ. ఇనాం కాదు బావా, బాకీ. తప్పు గేజిది, గేజిలో నూనె నీది అని వాడికి చెప్పి మరీ ఇవ్వాలి అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. ఇది రాస్తున్నాటికి ఇంకా ఇవ్వలేదు. చదివాకైనా ఇస్తాడని చూస్తున్నా.