తేదీలు చెప్పిన జబ్బు

బి.కాం. చదివి బ్యాంకులో పద్దులు చూసుకునేవాడికి వైద్యం సంగతులెందుకని పాఠకులు నవ్వుకోవచ్చు. కానీ ఈసారి మా ఇంట్లో జబ్బును పట్టించినవి తేదీలే. తేదీలు సరిచూడడం నా ఉద్యోగం గదా!

మా అక్కవాళ్లది చింతామణి తాలూకా మురుగమల్ల. ఆమె కూతురికి ముప్ఫై రెండేళ్లు. ఉండి ఉండి కుడివైపు ఛాతీలో పోటు, భుజం నొప్పి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు ఉబ్బసం అన్నారు. మందులు మారాయి. అక్క ఊళ్లోని అమ్మాజాన్ బావాజాన్ దర్గాలో మొక్కుకుంది కూడా.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు గోడమీది క్యాలెండరు చూశాను. పాల లెక్కల పక్కన, నొప్పి వచ్చిన రోజులకు అమ్మాయి సున్నాలు చుట్టి ఉంది. సుమారు నాలుగు వారాలకొకసారి! "ఇవేం రోజులమ్మా?" అన్నాను. తల వంచుకుని, "ముట్టు రోజులు మామా. ఊపిరికీ దానికీ ఏం సంబంధమని డాక్టరుకు చెప్పలేదు" అంది.

సంబంధం ఉందట. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం సంచి బయట పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన, పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంది. ఎక్కువగా పొత్తికడుపులోనే ఉంటుంది. అరుదుగా, కడుపుకూ ఛాతీకీ నడుమ ఉండే డయాఫ్రం మీదికీ, ఊపిరితిత్తుల మీదికీ చేరుతుంది. డయాఫ్రంలో సన్నని రంధ్రాలు పడవచ్చు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే అది ముడుచుకుపోతుంది. ఇది సాధారణంగా ముట్టు మొదలైన మూడు రోజుల లోపల, చాలావరకు కుడివైపే జరుగుతుంది. కొందరికి దగ్గులో నెత్తురు పడుతుంది. డయాఫ్రం నరం మెడ నుంచి వస్తుంది గనుక, నొప్పి భుజంలో తెలుస్తుంది. వైద్యులు దీన్ని 1958లోనే గుర్తించి రాశారు.

అమ్మాయి ఆ క్యాలెండరునే చంకన పెట్టుకుని బెంగళూరు వెళ్లింది. స్కానింగు అయింది, హార్మోను మాత్రలు నడుస్తున్నాయి. అవసరమైతే ఛాతీలోకి గొట్టం పంపి ఆపరేషను చేస్తారట. మళ్లీ రావచ్చునని కూడా ముందే చెప్పారు. పూర్తిగా నయమైందని నేను రాయలేను. జబ్బుకు పేరు తెలిసింది, అంతే.

ప్రతి ఛాతీనొప్పీ ఇదే కాదు. హఠాత్తుగా ఆయాసం వస్తే తేదీలు చూస్తూ కూర్చోక వెంటనే ఆసుపత్రికి పోవాలి. కానీ నెలనెలా వచ్చే బాధయితే తేదీ రాసిపెట్టండి, డాక్టరుకు దాచకుండా చెప్పండి. మా ఇంట్లో ఆ ఒక్క మాట దాచినందుకు రెండేళ్లు పోయాయి.