చర్లపల్లి కావలివాని తూటా

2025 జనవరి 6వ తేదీన చర్లపల్లి రైల్వే టెర్మినలు ప్రారంభమైనది. సికింద్రాబాదు, నాంపల్లి స్టేషనుల యొత్తిడిని తగ్గించుటకై రమారమి 413 కోట్ల రూపాయల వ్యయముతో దీనిని నిర్మించిరి. మేము సంతోషించితిమి. కాని జనము చేరినచోట కావలి యవసరము. కావలివాని భుజమున కార్బైను వ్రేలాడును. ఆ కార్బైనులో నెట్టి తూటా యుండవలెను? ఈ ప్రశ్న నడుగుట మనవారి కలవాటు లేదు. తుపాకి కొన్ననాడు ఛాయాచిత్రములు తీయుదురు. తూటా కొన్ననాడు తీయువారు లేరు.

అది నిపుణుల వ్యవహారము, ప్రజల కేల యని కొందరందురు. ఈ దేశమున తూటా యెన్నడును కేవలము నిపుణుల వ్యవహారమై యుండలేదు. 1857లో తూటాకు పూసిన క్రొవ్వు సంగతి బాలురకును తెలియును. గాయమును పెద్దదిగా జేయు ‘డమ్‌డమ్’ గుండు కలకత్తా చెంత బుట్టినదే. 1899 నాటి హేగు ప్రకటన యట్టి గుండ్లను యుద్ధమున నిషేధించెను. పరప్రభుత్వము మన పోలీసుల చేతికి .410 మస్కెట్టు నిచ్చెను. అది .303 రైఫిలును తొలిచి నున్ననిగొట్టముగా మార్చినది. దాని తూటా సైన్యపు రైఫిలున నిముడదు. పెక్కింటిలో మ్యాగజైను తావున కొయ్యముక్క నమర్చి, ఒక్కొక్క తూటాయే పేలునట్లు చేసిరి. తనకు కావలి కాయువానినే నమ్మజాలని ప్రభుత్వము తన యవిశ్వాసమును తూటాలో నింపినది! స్వతంత్ర ప్రభుత్వము తన విశ్వాసమును, వివేకమును నింపవలదా?

మఱికొంద ఱధికారులున్నారు. తుపాకి తన్నును సహింపలేనివాడు పోలీసేల యని వారి వాదము. ఈ వాదమున మీసమెంత యున్నదో బుద్ధి యంత లేదు. గుండు ముందుకు పోవు బలమెంతో తుపాకి వెనుకకు తన్ను బలమంత. .303 గుండు రమారమి 11 గ్రాములు. సెకండునకు 740 మీటర్ల పైబడిన వేగము. 9 మి.మీ. గుండు 7.5 గ్రాములు, వేగము 400 మీటర్లకు లోపు. కావున దీని వెనుదన్ను దానిలో మూడవవంతు మాత్రమే. తన్ను తక్కువైనచో తుపాకిమూతి తొలగదు. రెండవగుండు గురి తప్పదు. మైదానమున తప్పిన గుండు మట్టిలో పడును. ప్లాట్‌ఫారముపై తప్పిన గుండు బిడ్డ నెత్తుకొన్న తల్లికి తగులును. కావున తేలికతన్నును కోరుట పిరికితనము కాదు; ప్రజల ప్రాణములయెడ మర్యాద. నేడు స్త్రీలును కావలి కాయుచున్నారు. వారి భుజమునకు సరిపడని తుపాకి నిచ్చి, పిమ్మట గురి లేదని నిందించుట న్యాయమా?

అట్లయిన మందు తగ్గించి తేలికతూటాలే కొనుడని తొందరపడువారికిని మా హెచ్చరిక యున్నది. సాధారణపు 9 మి.మీ. కార్బైనులో వెనుకకు తన్ను బలమే బోల్టును నెట్టి, కాల్చిన గొట్టమును విసరి, స్ప్రింగు సాయమున క్రొత్త తూటాను లోనికి తెచ్చును. మందు మిక్కిలి తగ్గెనా, బోల్టు సగములో నాగును. ఆయుధము కఱ్ఱయై పోవును. మందు హెచ్చెనా, బోల్టు వెనుకగోడను మోది భుజమునే కొట్టును. తేలికయు నమ్మకమును కలసిన మధ్యమార్గమే కావలయును. దానిని నిర్ణయించునది ధరపట్టిక కాదు. ఆ బోల్టునకు, ఆ స్ప్రింగునకు చేసిన పరీక్ష.

పేరు చూచి కొనుటయు ప్రమాదమే. ఇన్సాసు రైఫిలు తూటా 5.56 × 45. పూణెలోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల రూపొందించిన సంయుక్త రక్షణ కార్బైను తూటా 5.56 × 30. పే రొక్కటే, పొడవు వేరు. ఒకదాని పెట్టె రెండవదాని కక్కఱకు రాదు. స్టేషనులో నిలుచు రైల్వే రక్షణ దళము కేంద్రమునకు చెందినది. ప్రభుత్వ రైల్వే పోలీసు రాష్ట్రమునకు చెందినది. ఒకే ప్లాట్‌ఫారముపై నిలుచువా రిరువురును ఆపదవేళ నొకరి తూటా నొకరికి ఇచ్చుకొనలేకున్నచో, ఆ యేర్పాటునకు రక్షణ యను పేరు తగునా? 2008 నవంబరు 26వ తేదీన బొంబాయి ఛత్రపతి శివాజీ టెర్మినసులో ఆధునికాయుధముల నెదుర్కొనవలసి వచ్చినపుడు, కొందఱు పోలీసుల చేత పాత .303 రైఫిళ్లును, కొందఱి చేత లాఠీలును ఉండెను. ఆ రాత్రి పాఠమును మఱచుట మహాపరాధము.

మేము కోరునవి నాలుగు. కార్బైనును తూటాను కలిపియే పరీక్షించి కొనవలెను. ఆ పరీక్షలో కచేరీ కుర్చీలవారు కాక, నిత్యము దానిని మోయు కానిస్టేబులులు, అందు స్త్రీలును, పాల్గొనవలెను. విధిలో నిచ్చు తూటానే అభ్యాసమునకును తగినన్ని ఇయ్యవలెను; ఎన్నడు పేల్చి యెఱుగని తూటాతో గురిని కోరుట, ఈత నేర్పక యేటిలో దింపుటయే. ఒకచోట నిలుచు దళములకు తూటా యొక్కటియే కావలెను. అది స్వదేశమున తయారైనది కావలెను. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారముల మండలిని ఏడు సంస్థలుగా విభజించిరి. తూటాల పని మ్యూనిషన్స్ ఇండియా వారికి వచ్చినది. కావున దేశమున చేయువారు లేరను సాకు చెల్లదు.

తుపాకి పేలకుండుటయే మా ప్రార్థన. కాని పేలవలసిన క్షణము వచ్చినచో, అది పేలవలెను, తగులవలసినవానికే తగులవలెను, ప్రక్కనున్న ప్రయాణికుడు క్షేమముగా ఇల్లు చేరవలెను. ఇంతకు తక్కువైన దానిని చర్లపల్లి ప్రజలు రక్షణగా నంగీకరింప నక్కఱ లేదు.