నౌకరీకి ఆర్టికల్ 16 ఉంది, ‘కామ్’కు ఏముంది?

భిలాయిలో పనికి రెండు పేర్లున్నాయి. ఒకటి నౌకరీ, రెండోది కామ్. స్టీల్ ప్లాంట్‌లో పర్మినెంట్ అయినవాడు చేసేది నౌకరీ. అదే గేటులోంచి, అదే షిఫ్టుకు, కాంట్రాక్టర్ ఇప్పించిన పాసు చూపించి లోపలికి పోయేవాడు చేసేది కామ్. పెళ్ళి సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు అబ్బాయి జీతం కంటే ముందు ఈ సంగతే తేల్చుకుంటారు.

మా నాన్నది కామ్. శ్రీకాకుళం జిల్లా నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే ప్యాసింజరు ఎక్కి దుర్గ్‌లో దిగినవాడు. ఖుర్సీపార్‌లో మా సందంతా తెలుగువాళ్ళే. పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్టు కింద రాలిన దుమ్ము ఎత్తే పని ఇరవై రెండేళ్ళు చేశాడు. ఈలోగా కాంట్రాక్టర్ల పేర్లు ఏడు మారాయి, పార మారలేదు. అమ్మ రేజా. కట్టుబడి పనిలో ఇటుకలు, మాలు మోసే ఆడకూలీని ఇక్కడ అలా పిలుస్తారు. వాళ్ళ కొడుకుగా నేను దుర్గ్‌లో ఒక కాలేజీలో కార్మిక చట్టాలు చెబుతున్నాను. హోదా అతిథి వ్యాఖ్యాత. పీరియడ్‌కు ఇంత అని లెక్కకట్టి ఇస్తారు. సెలవులకు డబ్బుల్లేవు. కాబట్టి నల్లకోటు ఫొటో గోడకు తగిలించుకున్నా నాదీ కామే.

బాబాసాహెబ్ చదివిన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుంచి జొనాథన్ ప్యారీ అనే మానవశాస్త్ర ఆచార్యుడు ఏళ్ళ తరబడి ఇక్కడికి వచ్చి ఈ నౌకరీ–కామ్ తేడా మీదే పరిశోధన చేశాడు. 2020లో పెద్ద పుస్తకమే వేశాడు. అంతకుముందు 1999లో సత్నామీల గురించీ, స్టీల్ ప్లాంటు గురించీ రాసిన వ్యాసానికి ‘రిజర్వేషన్‌కు రెండు జేజేలు’ అనే అర్థం వచ్చే శీర్షిక పెట్టాడు. మూడు కొట్టాల్సిన చోట రెండే కొట్టాడన్నమాట. ఆ మూడో జేజే ఎందుకు ఆగిపోయిందో నాకు నేనుగా ఒక జవాబు చెప్పుకున్నాను. ఈ వ్యాసం దాని గురించే.

అంబేడ్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా తలుచుకుంటాం. ఆయన లా ప్రొఫెసర్ అన్న సంగతి మాత్రం మనమే పెద్దగా పట్టించుకోం. 1928లో బొంబాయి ప్రభుత్వ లా కాలేజీలో పాఠం చెప్పారు. 1935లో అదే కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. పనిచోట వివక్ష ఆయనకు పుస్తకంలో దొరికిన విషయం కాదు. 1917లో బరోడా ఆఫీసులో ప్యూన్లు ఫైళ్ళను ఆయన బల్ల మీదికి విసిరేవారు. ఆ తర్వాత సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు స్టాఫ్‌రూమ్ కుండలో ఆయన నీళ్ళు తాగడం తోటి ప్రొఫెసర్లకు నచ్చలేదు. కొలంబియా డిగ్రీ ఆ కుండ దగ్గర ఎందుకూ పనికిరాలేదు.

అయితే తన అవమానం దగ్గరే ఆగిపోకుండా ఆయన ఫ్యాక్టరీ లోపల ఎవరు ఏ విభాగంలో ఉన్నారో చూశారు. అప్పట్లో బొంబాయి బట్టల మిల్లుల్లో మనవాళ్ళు వేలమంది ఉన్నారు. కానీ కూలి ఎక్కువ గిట్టే నేత విభాగంలోకి రానిచ్చేవారు కాదు. తెగిన దారాన్ని ఉమ్మితో తడిపి అతకాలి కాబట్టి, అంటరానివాడి ఎంగిలి అంటుతుందట! ఆ అడ్డు పెట్టింది యజమాని ఒక్కడే అయితే పోరాటం తేలికయ్యేది, పక్కనున్న సవర్ణ కార్మికుడూ పెట్టాడు. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో రైల్వే దళిత కార్మికుల సభలో ఆయన ఈ మాటే విప్పి చెప్పారు. మనవాడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే దిగిపోతాడు, పోర్టర్ కూడా కాలేడు, ఎందుకంటే పోర్టర్ స్టేషన్ మాస్టర్ ఇంట్లో పని చేయాలి, ఆ ఇంట్లోకి మనవాణ్ణి రానివ్వరు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడి శత్రువులేనని ఆయన చెప్పింది ఆ సభలోనే.

1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా చేసిన పనులు మన సభల్లో చాలాసార్లు చెప్పుకుంటాం. వారానికి 48 గంటలు, త్రైపాక్షిక కార్మిక సమావేశాలు, 1943లో కేంద్ర సర్వీసుల్లో షెడ్యూల్డ్ కులాలకు ఎనిమిదిన్నరకు కాస్త తక్కువగా శాతం. యుద్ధకాలంలో ఆడవాళ్ళను మళ్ళీ బొగ్గు గనుల్లోకి దింపినందుకు విమర్శ కూడా ఎదుర్కొన్నారు. ఆ చర్చలోనే స్త్రీపురుషులకు సమాన పనికి సమాన వేతనం అన్న సూత్రాన్ని గట్టిగా పట్టుకున్నారు. రేజాగా బతికిన అమ్మ కొడుకుగా నాకు ఈ రెండూ గుర్తుంటాయి.

నా పాఠాల్లో ఎక్కువసేపు ఆగేది 1947 మార్చి దగ్గర. షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ తరఫున రాజ్యాంగ సభకు ఇచ్చిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’ పత్రంలో ఆయన ఒక నిబంధన రాశారు. ప్రభుత్వ అధికారి గానీ, ఫ్యాక్టరీల్లో, వాణిజ్య సంస్థల్లో ప్రైవేటు యజమాని గానీ జాతి, మతం, సామాజిక హోదా ఆధారంగా వివక్ష చూపిస్తే అది నేరం. అలాంటి కేసుల కోసం ప్రత్యేక ట్రిబ్యునల్. అదే పత్రంలో ఇంకో హెచ్చరిక కూడా ఉంది. రాజ్యం తప్పుకున్న చోట మిగిలేది స్వేచ్ఛ అనుకోవద్దు, అక్కడ ప్రైవేటు యజమాని నియంతృత్వం నడుస్తుంది అని. ఇది రాసేనాటికి భిలాయి ప్లాంటు లేదు, సోవియట్ ఒప్పందం ఇంకా ఎనిమిదేళ్ళకు గానీ రాలేదు. కాంట్రాక్టర్ పాసు మాట సరేసరి.

రాజ్యాంగంలోకి ఆ నిబంధన రాలేదు. ఆర్టికల్ 16 వచ్చింది. అది గొప్ప ఆర్టికల్, నా ముందు బెంచీల్లో కూర్చున్న పిల్లల్లో కొందరి ఇళ్ళు దానివల్లే నిలబడ్డాయి. కానీ అది మాట్లాడేది రాజ్యం కింద ఉద్యోగాల గురించి. ఆర్టికల్ 17, 1955 పౌరహక్కుల రక్షణ చట్టం, 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం ప్రైవేటు మనిషినీ పట్టుకుంటాయి. ఉద్యోగం చేయకుండా అడ్డుకుంటే నేరమని కూడా ఉంది. అయితే ఇవి క్రిమినల్ చట్టాలు. అడ్డుకున్నాడని, కులం వల్లే అడ్డుకున్నాడని, అనుమానానికి తావులేకుండా రుజువు కావాలి. కులం పేరు చెప్పి ఉద్యోగం నిరాకరించేంత అమాయకుడు ఈ రోజుల్లో ఎక్కడున్నాడు?

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ళ కింద ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్ళాను. మన తెలుగు ఇంటిపేర్లతో ఇక్కడివాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది, కులం కనిపించదు. ‘సర్‌నేమ్‌ను బట్టి తెలియడం లేదు, మీరు ఏమవుతారు?’ అని నవ్వుతూనే అడిగారు. చెప్పాను. ఇంకో రెండు ప్రశ్నలు మర్యాదగా అడిగి, టీ ఇచ్చి పంపారు. ఉద్యోగం రాలేదు. నాకంటే మంచి అభ్యర్థి దొరికి ఉండవచ్చు. ఉండకపోనూవచ్చు. ఏ కోర్టులో ఏమని రుజువు చేయను? టీ అయితే బాగానే ఉంది.

ఇది ఒక్కడి అనుమానం అనుకునేవాళ్ళ కోసం 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అట్వెల్ చేసిన అధ్యయనం ఉంది. ఒకే అర్హతలతో, పేరు మాత్రం మార్చి, ప్రైవేటు కంపెనీల ప్రకటనలకు వేలల్లో దరఖాస్తులు పంపారు. సవర్ణ హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడింట ఒక వంతు.

ఇక్కడ ఒక సంగతి నాకు కోపం తెప్పిస్తుంది. ప్రైవేటు యజమానిని చట్టం తాకలేదనే మాట నిజం కాదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ కోసం 2017 చట్టం ప్రైవేటు యజమాని దాకా వెళ్ళింది. ట్రాన్స్‌జెండర్ల కోసం 2019 చట్టం వెళ్ళింది. రెండూ రావలసిన చట్టాలే. 2019 వేతనాల కోడ్ 3వ సెక్షన్ జీతంలో, నియామకంలో లింగ వివక్షను నిషేధించింది. ఆ సెక్షన్‌లో కులం అన్న మాట లేదు. సామాజిక మూలం ఆధారంగా ఉద్యోగంలో వివక్ష వద్దన్న ఐఎల్‌ఓ 111వ ఒప్పందాన్ని మన దేశం 1960లోనే ఆమోదించింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చినప్పుడు కూడా ఆ ఒక్క మాట చేర్చడానికి ఎవరికీ చేయి రాలేదు.

ఇప్పుడు కాంట్రాక్టు సంగతి. 2001 ఆగస్టు 30న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు పేరులోనే మన సెయిల్ ఉంది. ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వం నిషేధించినా, ఆ పని చేస్తున్న కార్మికులు తమంతట తాము పర్మినెంట్ అయిపోరని ఆ తీర్పు చెప్పింది. కార్మిక సంఘాలు దీన్ని కార్మికులకు తగిలిన దెబ్బగా చదివాయి. అది నిజమే. మనం ఇంకోలా కూడా చదవాలి. పర్మినెంట్ పోస్టుకు రోస్టర్ ఉంటుంది, ఫలానా పాయింటు ఎస్సీకి అని. ఆ పోస్టు రద్దయి పని కాంట్రాక్టర్‌కు పోగానే రోస్టర్ కూడా పోతుంది. రిజర్వేషన్ తీసేస్తున్నామని ఎవరూ జీవో ఇవ్వక్కర్లేదు, టెండర్ పిలిస్తే చాలు. మనిషి మాత్రం మారడు. నౌకరీలో మన శాతం కోసం పోట్లాడాల్సి వస్తుంది. ఊడ్చే, మోసే కాంట్రాక్టు పనిలో ఏ పోట్లాటా లేకుండానే మనవాళ్ళు నిండిపోతారు.

ఈ నేల మీద ఆ కామ్ వాళ్ళ కోసం నిలబడ్డవాళ్ళు లేకపోలేదు. శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న ఇక్కడే నిద్రలో కాల్చి చంపారు. మరుసటి ఏడు జులై 1న పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. నియోగితో పనిచేయడానికి వచ్చిన సుధా భరద్వాజ్, కార్మికులకు వకీలు దొరకడం లేదని 2000లో తానే లాయరయ్యారు. జాముల్ సిమెంటు కాంట్రాక్టు కార్మికుల కేసులు ఏళ్ళ తరబడి నడిపారు. తర్వాత ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో విజిటింగ్ ప్రొఫెసర్‌గా చేరారు. 2018 ఆగస్టులో భీమా కోరేగావ్ కేసులో అరెస్టయి, మూడేళ్ళు దాటాక బెయిల్ మీద బయటికొచ్చారు. ఆమె మన కులాల్లో పుట్టలేదు. ఆమె సంఘాలు కులం గురించి మాట్లాడవలసినంత మాట్లాడాయా అని నాకు సందేహమే. అయినా కార్మిక చట్టం చెప్పే ప్రొఫెసర్ ఎక్కడ నిలబడాలో నా విద్యార్థులు అడిగితే, ఈ ఊళ్ళోనే చూపించడానికి ఆమె ఉన్నారు.

మా తెలుగువాళ్ళకు ఇంకో గోడ కూడా ఉంది. దుర్గ్‌లో ఎస్సీ సర్టిఫికెట్‌కు వెళితే 1950 నాటికి మీ పూర్వీకులు ఇక్కడ ఉన్నట్టు రికార్డు, ‘మిసల్’, తెమ్మంటారు. షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు 1950 ఆగస్టు 10 నాటిది. ప్లాంటు ఒప్పందమే 1955లో జరిగితే 1950లో మా తాత ఇక్కడ ఎందుకుంటాడు? 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రం ఖాయం చేసింది. తెనాలిలో పుట్టి బొంబాయి చేరిన కుర్రాడి మెడికల్ సీటు కేసు అది. 2018లో బీర్ సింగ్ తీర్పు దాన్ని ఇంకా బిగించింది. ఏ రాష్ట్రంలో ఏ కులం ఎంత అణగారి ఉందో వేరువేరుగా లెక్క చూడాలన్న వాదన నాకు అర్థమవుతుంది, స్థానిక సత్నామీ పిల్లల వాటా మాకు రావాలని నేను అడగడం లేదు. కానీ కాగితం మీద మమ్మల్ని జనరల్ చేసిన రాష్ట్రంలో, మా సందులోని మనిషికి దొరికే పని ఊళ్ళో దొరికినదే. నాన్న దాటిన ఆ సరిహద్దు రిజర్వేషన్‌ను ఆపింది, వివక్షను ఆపలేదు. అందుకే రిజర్వేషన్‌తో పాటు వివక్ష నిరోధక చట్టం కావాలంటున్నాను. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి, రిజర్వేషన్ ఎత్తేయడానికి దాన్ని సాకుగా వాడుకునేవాళ్ళుంటారు.

చివరిగా మన ఇంటి మాట. ఏప్రిల్ 14న మా దగ్గర జయంతి ఘనంగా జరుగుతుంది. వేదిక మీద ఎస్సీ ఉద్యోగుల సంఘం నాయకులు, అందరూ నౌకరీ వాళ్ళు. కుర్చీలు వేసేది, సభ అయ్యాక మైదానం ఊడ్చేది కాంట్రాక్టు కుర్రాళ్ళు. వాళ్ళ మెడలోనూ నీలి కండువాలే. సంఘం నియమావళి ప్రకారం వాళ్ళకు సభ్యత్వం లేదు, పర్మినెంట్ ఉద్యోగికే ఉంది.

మొన్నటి జయంతికి నేనొక తీర్మానం రాసుకెళ్ళాను. సంఘం సభ్యత్వం కాంట్రాక్టు వాళ్ళకూ ఇవ్వాలి. ప్రభుత్వ రంగ సంస్థలు ఏ కాంట్రాక్టులో, ఏ పనిలో, ఏ కులం వాళ్ళు ఎందరున్నారో ఏటా లెక్క చెప్పాలి. వేతనాల కోడ్‌లో లింగం పక్కన కులాన్ని చేర్చాలి. 1947లో బాబాసాహెబ్ అడిగిన ట్రిబ్యునల్ కావాలి. కులం వల్ల కాదని రుజువు చేసే భారం అక్కడ యజమాని మీద ఉండాలి. కాగితం మొత్తం ఒక పేజీ.

అధ్యక్షుల వారు నాన్న వయసు మనిషి, నేను చిన్నప్పటి నుంచీ పెద్దనాన్నా అని పిలిచే మనిషి. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, రెండుసార్లు చదివారు. ‘చివరి నాలుగు లైన్లు బాగున్నాయి రా. మొదటి లైన్ దగ్గర మాత్రం మనవాళ్ళు ఒప్పుకోరు’ అన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

తర్వాతి సర్వసభ్య సమావేశం డిసెంబరు 6న. కుర్చీలు వేసే కుర్రాళ్ళలో పదకొండుమంది ఆ రోజు లోపలికి వచ్చి కూర్చుంటామన్నారు.