గీసేది సాఫ్ట్‌వేరే... చదవాల్సింది మీరు!

దేశంలో వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను ఆధునికీకరించేందుకు 2025 మేలో కేంద్ర మంత్రివర్గం రూ.60,000 కోట్ల పథకాన్ని ఆమోదించింది. కొత్త యంత్రాలు వస్తాయి, కంప్యూటర్లు వస్తాయి. బాగానే ఉంది. మరి ఆ యంత్రం ముందు నిలబడే కుర్రాడికి డ్రాయింగ్ చదవడం రాకపోతే? గోదావరి జిల్లాల్లో ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ చదువుతున్న మీరంతా వేసుకోవాల్సిన ప్రశ్న ఇది.

మచ్చు చూసి ఎంతకాలం?

రైస్‌మిల్లు షాఫ్ట్ అరిగినా, రొయ్యల చెరువులో ఏరేటర్ గేరు విరిగినా పాత ముక్క పట్టుకుని లేత్ షాపుకు వెళ్లడం మన దగ్గర అలవాటు. మేస్త్రీ కొలిచి అలాంటిదే చేసిస్తాడు. ఆయన పనితనానికి వంక పెట్టలేం. కానీ 50 మిల్లీమీటర్ల షాఫ్ట్ అరిగి 49.6కి వచ్చిందనుకోండి, ఆ అరుగుదల కొత్తదాంట్లోకీ దిగొచ్చు. అసలు కొలత ఎంత, ఎంత తేడా వరకు ఫర్వాలేదు అన్నది డ్రాయింగ్‌లో ఉంటుంది. పెద్ద కంపెనీల ఆర్డర్లూ దాంతోనే వస్తాయి.

తిరగబడితే తుక్కే

మన దేశంలో పాటించేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి. ఇందులో ఫ్రంట్ వ్యూ కింద టాప్ వ్యూ ఉంటుంది. ఎడమ వైపు నుంచి చూసిన రూపం కుడి పక్కన వస్తుంది. అమెరికాలో థర్డ్ యాంగిల్. అక్కడ టాప్ వ్యూ పైనే, ఎడమ వ్యూ ఎడమనే. అక్కడి డ్రాయింగ్‌ను మన పద్ధతిలో చదివితే, ఒక పక్కే రంధ్రం ఉన్న బ్రాకెట్ కుడి ఎడమలు తారుమారై తయారవుతుంది. కొలతలన్నీ సరిపోతాయి, ముక్క మాత్రం బిగదు. అందుకే షీటు చేతికి రాగానే టైటిల్ బ్లాక్‌లోని కోసిన శంకువు గుర్తు చూడాలి. ఏ పద్ధతో అదే చెబుతుంది.

కంప్యూటర్ ఉందిగా!

నిజమే. త్రీడీ మోడల్ ఇస్తే సాలిడ్‌వర్క్స్ లాంటివి క్షణాల్లో వ్యూలు తీసిస్తాయి. అయితే ఏ ముఖాన్ని ముందు చూపాలి, ఎన్ని వ్యూలు చాలు, సెక్షన్ ఎక్కడ కోయాలి, కొలతలు ఏ అంచు నుంచి మొదలవ్వాలి? ఇవి మనిషి తేల్చాల్సినవి. గుండ్రటి బుష్‌కు కొలతలతో ఒక సెక్షన్ వ్యూ చాలు. వంకరటింకర బ్రాకెట్‌కు మూడూ కావాల్సిందే. ఎక్కువ గీస్తే చదివేవాడికి గందరగోళం, తక్కువ గీస్తే తయారుచేసేవాడు ఊహించుకోవాలి.

ఇలా మొదలెట్టండి

పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ ట్రేడ్ ఉంది. పాలిసెట్ రాసి మూడేళ్ల మెకానికల్ డిప్లొమాలో చేరొచ్చు. బీటెక్ వాళ్లు మొదటి ఏడాది గ్రాఫిక్స్‌ను ‘పాసైతే చాలు’ అనుకుని వదిలేయకండి.

ఇంట్లోనే ఓ చిన్న పరీక్ష పెట్టుకోండి. ఏదైనా ఇనుప ముక్క తీసుకుని మూడు వ్యూలు, కొలతలు గీయండి. వస్తువు చూపించకుండా కాగితం మాత్రమే స్నేహితుడికిచ్చి, సబ్బు బిళ్లలో చెక్కమనండి. అతను మిమ్మల్ని ఒక్క ప్రశ్నా అడగకుండా సరిగ్గా చెక్కాడా? మీకు డ్రాయింగ్ వచ్చినట్టే.