వాడుకున్నవాళ్ళే సాకాలి!

హైదరాబాదు శాస్త్రవేత్తలారా, విద్యార్థులారా, పన్ను కట్టే ప్రజలారా!

పోయిన నెల ఒక రాత్రి నాకు ఫోన్ వచ్చింది. ల్యాబు జంతువులను ఉంచే యానిమల్ హౌస్‌లో నా దగ్గర పని నేర్చుకున్న పిల్లాడు. "కాకా, కాలు అదే ఇచ్చింది కాకా" అన్నాడు. ఆపైన మాట రాలేదు. ఏడుపే వినబడింది.

లచ్చి సంగతి అది. రికార్డులో అదొక నంబరు, ఛాతీ మీద పచ్చబొట్టు పొడిచిన నంబరు. మాకు మాత్రం లచ్చి. రీసస్ కోతి. రక్తం తీయాలంటే పంజరం వెనక పలకను ముందుకు లాగి, కోతిని ఊచలకేసి అదిమిపెట్టడం పాత పద్ధతి. ఆ కేకలు వినలేక నేను పల్లీలు పట్టుకుని కూర్చున్నాను. తనంతట తానే ఊచల్లోంచి కాలు బయటపెట్టడం నేర్పాను. నాలుగు నెలలు పట్టింది. ఆ తరవాత సూది దిగేదాకా కదిలేది కాదు. సూది తీయగానే అరచెయ్యి చాపేది, పల్లీ కోసం.

తొమ్మిదేళ్ళు అలా ఇచ్చింది. ప్రాజెక్టు అయిపోయింది. నిధులు ఆగిపోయాయి. లచ్చికి ఏ జబ్బూ లేదు. పంపడానికి చోటు లేదన్నారు. ఆఖరి సూదికి కూడా కాలు చాపింది. అరచెయ్యీ చాపింది.

ఆ ల్యాబ్ పేరు ఇక్కడ రాయను. ఒక్కరి మీద పడి అరిస్తే తక్కినవాళ్ళంతా చేతులు దులుపుకుంటారు.

నేను పరిశోధనకు శత్రువును కాను. ఇరవై రెండేళ్ళు ఆ పనిలోనే అన్నం తిన్నాను. మన జీనోమ్ వ్యాలీలో పుట్టిన కోవాక్సిన్‌ను ముందు 20 రీసస్ కోతుల మీద పరీక్షించారని తెలిసే, రెండు డోసులూ వేయించుకున్నాను. అందుకే అడుగుతున్నాను. మన ప్రాణానికి అడ్డం పెట్టుకున్న జీవికి మనం బాకీ పడ్డామా, లేదా?

పడ్డామని మన నియమాలే చెబుతున్నాయి. ప్రయోగం చేసినవాళ్ళే ఆ తరవాత జంతువు సంరక్షణకూ పునరావాసానికీ బాధ్యులు. ఆ ఖర్చు పరిశోధన ఖర్చులో భాగం కావాలి. నొప్పినీ బాధనీ ఎంత ఎక్కువగా ఎరిగే జీవి అయితే అంత ఎక్కువ కేటాయించాలి. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప చంపకూడదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం నీడన వచ్చిన నియమాలివి. కాగితం మీద ఉన్నాయి. లచ్చి పంజరం దాకా రాలేదు.

రాతలో లేని మాట ఏమవుతుందో, రాసిన మాటను ఎవరూ అడగకపోతే ఏమవుతుందో చింపాంజీల చరిత్ర చూస్తే తెలుస్తుంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

1960లో ఇప్పటి టాంజానియాలోని గోంబే అడవిలో పరిశోధకురాలు జేన్ గుడాల్ ఒక చింపాంజీని చూసింది. అది గడ్డిపుల్లను చెదపుట్టలో దూర్చి, పుల్లను పట్టుకున్న చెదపురుగులను నోటితో లాగి తింటోంది. పనిముట్లు మనిషి సొత్తే అన్న పాఠం ఆ రోజుతో చెరిగిపోయింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. మరి 1974లో ఏం జరిగింది? న్యూయార్క్ బ్లడ్ సెంటర్ పశ్చిమాఫ్రికాలోని లైబీరియాలో చింపాంజీల ల్యాబ్ తెరిచింది. వాటి ఒంట్లోకి హెపటైటిస్ ఎక్కించారు. పరిశోధన ముగిశాక మిగిలిన వాటిని నదుల్లోని ఆరు దీవుల మీద వదిలారు. అక్కడ వాటికి చాలినంత తిండి పండదు. తాగడానికి మంచినీళ్ళు లేవు. పడవ వస్తేనే బతుకు.

2015 మార్చిలో ఆ సంస్థ డబ్బు ఆపేసింది. అప్పటికి 66 ప్రాణాలు మిగిలి ఉన్నాయి. ఎబోలాతో దేశం అల్లాడుతున్న సమయం. చట్టప్రకారం మాకు ఏ బాధ్యతా లేదని సంస్థ జవాబిచ్చింది. పడవలు ఆపనిది ఎవరో తెలుసా? మాలాంటి పనివాళ్ళు. అంతర్యుద్ధంలో తూటాల మధ్య కూడా మేత మోసిన లైబీరియా పనివాళ్ళు. చివరికి జనం, జంతు సంక్షేమ సంఘాలు గొంతెత్తాక, 2017లో ఆ సంస్థ 60 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. లేదు లేదన్న బాధ్యత రెండేళ్ళలో ఎక్కణ్ణుంచి వచ్చింది? అడిగితే వచ్చింది!

పక్క దేశం ఐవరీ కోస్ట్‌లో ఆ మాత్రం కూడా జరగలేదు. అదే ల్యాబ్ 1983లో అక్కడి దీవిలో 20 చింపాంజీలను దించింది. అన్నీ పోయి చివరికి పోన్సో ఒక్కడే మిగిలాడు. ఒక ఊరి మనిషి అరటిపళ్ళు, రొట్టె తెచ్చిపెట్టబట్టి బతికాడు. 2015లో ఒక సంరక్షకురాలు ఆ ఒడ్డున దిగితే, పోన్సో వచ్చి ఆమెను రెండు చేతులా చుట్టేసుకున్నాడు. వాడిని అక్కడ ఒంటరిని చేసిన జాతి మనిషినే వాడు కౌగిలించుకున్నాడు!

"చింపాంజీలు తెలివైనవి, ఇవి ఉత్త కోతులు" అనే పెద్దమనుషులకు ఒక మాట. తెలివి చింపాంజీలను కాపాడలేదు. బూయీ అనే చింపాంజీకి చేతి సైగలతో మాట్లాడటం వచ్చు. వచ్చినా 1982లో న్యూయార్క్ ల్యాబ్‌కు అమ్ముడుపోయాడు, హెపటైటిస్ సి ఎక్కించుకున్నాడు. 1995లో పాత గురువు రోజర్ ఫౌట్స్ పంజరం ముందు నిలబడితే గుర్తుపట్టాడు. చెవి తమ్మె మీంచి వేలు చిమ్మి, తాను ఆయనకు పెట్టుకున్న ముద్దుపేరుతో పిలిచాడు. అన్నేళ్ళూ ఆ పేరు మరిచిపోలేదు. ఆయన వెళ్ళిపోయాడు. బూయీ పంజరంలోనే ఉండిపోయాడు. ఆ దృశ్యం టీవీలో చూసి జనం గగ్గోలు పెట్టాకే విడిచిపెట్టారు. 2007లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయపు పరిశోధన కేంద్రంలో అయుము అనే కుర్ర చింపాంజీ, తెరమీద సెకనులో ఐదోవంతు మాత్రమే కనబడి మాయమైన అంకెలను వరసగా చూపించి కాలేజీ విద్యార్థులను ఓడించాడు. ఆ ఏడు కూడా అమెరికా ల్యాబుల్లో చింపాంజీలు పంజరాల్లోనే ఉన్నాయి.

కాపాడింది తెలివి కాదు, చట్టం. ల్యాబులకు అక్కర తీరిన చింపాంజీలను వదిలించుకోవడానికి చంపరాదని, అభయారణ్యంలో బతికినన్నాళ్ళు సాకాలని 2000లో అమెరికా చట్టం చేసింది. 2015లో ఆ దేశపు జాతీయ ఆరోగ్య సంస్థ చింపాంజీల మీద ప్రయోగాలకు పూర్తిగా స్వస్తి చెప్పింది. అంత చట్టం ఉన్నా 2019లో అదే సంస్థ, న్యూమెక్సికోలోని 44 చింపాంజీలు ముసలివైపోయాయి, ప్రయాణం తట్టుకోలేవు, ఉన్నచోటే ఉండనివ్వండి అంది. అది చట్టవిరుద్ధమని 2022లో కోర్టు చెప్పాల్సి వచ్చింది. కాపలా లేని చట్టం గొళ్ళెం లేని తలుపు.

మన దేశానికి ఇలాంటి తెగువ కొత్త కాదు. మన కోతులను విదేశీ ల్యాబులకు ఎగుమతి చేయడం 1978లో ఆపేశాం. పరాయి పంజరానికి వద్దన్న చెయ్యి, సొంత పంజరం ముందు ఎందుకు ముడుచుకుంటోంది?

కోతులు పంటలు పాడుచేస్తుంటే వాటికి పింఛనా అని నవ్వుతారు కొందరు. రైతు గోడు నిజం. దానికీ ల్యాబులో తొమ్మిదేళ్ళు రక్తమిచ్చిన కోతికీ సంబంధం లేదు. పరిశోధన ఆగిపోతుందంటారు. కోట్ల ప్రాజెక్టు ఒక కోతి తిండిఖర్చుతో ఆగేదైతే, అది ఆగడమే మేలు. రోగం ఎక్కించిన వాటిని ఎక్కడ పెడతారంటారు. ఎక్కించేటప్పుడు చోటు దొరికింది కదా!

మేము అడిగేవి నాలుగే:

1. కోతిని తెచ్చే ముందే దాని జీవితకాలపు తిండికి, వైద్యానికి సరిపడా డబ్బు ల్యాబుతో సంబంధం లేని నిధిలో జమ కావాలి. జమ కాకపోతే ప్రయోగానికి అనుమతి ఇవ్వకూడదు.

2. ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, ఎన్నింటిని చంపారు, ఎందుకు చంపారు: ప్రతి ల్యాబు ఏటా తెలుగులో ప్రకటించాలి.

3. ఆరోగ్యంగా ఉన్న జంతువును చంపాలంటే బయటి పశువైద్యుడి సంతకం కావాలి. చోటు లేదు అన్నది కారణం కారాదు.

4. ప్రయోగం ముగిసిన కోతులకు హైదరాబాదు శివార్లలో చెట్లూ నీళ్ళూ ఉన్న ఒక ఆవరణ కావాలి. ఇన్ని వేల ఎకరాలు కంపెనీలకు ఇచ్చిన ప్రభుత్వానికి ఇది బరువు కాదు.

ల్యాబుల్లో చదివే పిల్లలారా! రేపు మీ గైడును ఒక్క మాట అడగండి: "ప్రాజెక్టు అయ్యాక ఇవి ఎక్కడికి పోతాయి సార్?" జవాబు వచ్చేదాకా ప్రతి వారం అడగండి. యానిమల్ హౌస్ తమ్ముళ్ళారా! మీరు రాసే రిజిస్టరే రేపటి సాక్ష్యం. ఉన్నది ఉన్నట్టు రాయండి.

లచ్చికి కాలు చాపడం నేర్పింది నేను. చాపితే మేలే జరుగుతుందని నమ్మించింది నేను. ఆ నమ్మకాన్ని ఇంకో జీవి దగ్గర తాకట్టు పెట్టే ముందు మనం డబ్బు కట్టాలి, చోటు చూపాలి, సంతకం చేయాలి. అప్పుడే పల్లీ చేతిలోకి తీసుకోండి.

వాడుకున్నవాళ్ళే సాకాలి!

ఒక రిటైర్డ్ యానిమల్ హౌస్ ఉద్యోగి
హైదరాబాదు