తెల్లదోమ నేర్పిన పాఠం మరిచిపోతే ఎలా?

భూమి వేడెక్కిపోతున్నది, మానవుడు తన గోతిని తానే తవ్వుకుంటున్నాడు – ఈ మాట ఇప్పుడు మంత్రుల ఉపన్యాసాల్లోనూ, కంపెనీల ప్రకటనల్లోనూ కూడా వినబడుతున్నది. మాట అబద్ధం కాదు. అయితే ఆ 'మానవుడు' ఎవరు? నాగార్జునసాగర్ కుడికాలువ కింద మిరపకాయ కోసే కూలితల్లీ, బొగ్గు గనుల యజమానీ ఒకే మానవుడేనా? ఈ ప్రశ్న వేయకుండా వాతావరణం గురించి మాట్లాడితే అది సగం మాటే అవుతుందని మేము అనుకుంటున్నాం.

ప్రకృతి ఎలా చెడుతుందో తెలుసుకోడానికి గుంటూరు, ప్రకాశం జిల్లాల శ్రమజీవులు పెద్ద పుస్తకాలు చదవనక్కరలేదు. 1967లో సాగర్ నీళ్లు వదిలారు. నల్లరేగడి నేలల్లో పత్తి పరుచుకున్నది. జొన్న, కంది, అపరాలు వెనక్కుపోయినయి. ఎటు చూసినా ఒకటే పైరు. పురుక్కి అంతకంటే విందు ఏముంటుంది? 1980 తర్వాత సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినయి. మొదట్లో పురుగు రాలిపడింది. రైతు సంతోషించాడు, మందుల కొట్టువాడు ఇంకా సంతోషించాడు. అయితే ఆ మందు శనగపచ్చ పురుగుతోపాటు పురుగుల్ని తినే అక్షింతల పురుగుల్నీ, సాలీళ్లనూ చంపింది. కాపలావాళ్లు చచ్చిన ఊళ్లో దొంగలు పెరిగినట్టు తెల్లదోమ పెరిగింది. రసం పీల్చి, ఆకుల మీద జిగురు కార్చి, పత్తి మీద మసి పట్టించింది. పదిహేను సార్లు, ఇరవై సార్లు మందు కొట్టినా దోమ చావలేదు. శనగపచ్చ పురుగు కూడా మందుకు అలవాటు పడింది. 1987–88లో అప్పులపాలైన పత్తిరైతులు ఈ రెండు జిల్లాల్లో అవే పురుగుమందులు తాగి చచ్చిపోయారు.

అంతకుముందే, 1984 డిసెంబరులో, భోపాల్‌లో విషవాయువు వేలమందిని చంపింది. ఆ యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో తయారయ్యేదీ పురుగుమందే. అక్కడ కార్మికవాడల్లో చావు, ఇక్కడ పొలంగట్టు మీద చావు. లాభం మాత్రం ఒకే దారిన పోయింది.

ఆ తర్వాతైనా పాఠం నేర్చుకున్నారా? 2002లో బీటీ పత్తికి అనుమతి ఇచ్చారు. ఇక మందు కొట్టే పని తగ్గుతుందన్నారు. కొన్నేళ్లు తగ్గింది కూడా. తర్వాత గులాబీరంగు పురుగు దాన్నీ అలవాటు చేసుకున్నది. 2021 చివర్లో మిరపతోటల మీద విదేశాల నుంచి వచ్చిన తామర పురుగు పడింది. పూతలోనే చేరి కాయ లేకుండా చేసింది. మందు మీద మందు కొట్టి, అప్పు మీద అప్పు చేసి, చివరికి తోటలు దున్నేసినవాళ్లున్నారు. పురుగు పేరు మారింది, మందు పేరు మారింది. అప్పుపత్రం మీద పేరు మాత్రం మారలేదు.

వాతావరణం సంగతీ ఇంతే, కాకపోతే చేను ప్రపంచమంత పెద్దది. ఫ్యాక్టరీలు రాకముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. 2024లో భూమి సగటు వేడి ఆనాటి కంటే సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరిగింది. బొగ్గు, చమురు మండించి ఇంతవరకు వదిలిన ఈ వాయువులో సుమారు నాలుగోవంతు అమెరికాది. మన దేశం వాటా నూటికి మూడు నాలుగు. ఆ తక్కువ వాటా చాటున మన దేశపు కోటీశ్వరులు దాక్కుంటామంటే ఒప్పుకోనక్కరలేదు.

సేద్యానికీ ఇందులో పాత్ర ఉన్నది. మొక్క తీసుకోగా మిగిలిన యూరియాలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది. అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది. అందుకని రైతును ముద్దాయిని చేద్దామా? ఎకరానికి వేలకు వేలు కౌలు కట్టేవాడు ఆ కౌలు రాబట్టుకోడానికి బస్తా మీద బస్తా వేస్తాడు. వాణ్ణి అట్లా తరిమేది కౌలూ, వడ్డీ, గిట్టుబాటు కాని ధర. వాటిని ముట్టుకోకుండా 'ప్రకృతి సేద్యం చెయ్యవోయ్' అని సలహా చెప్పడం సులువే.

ఇక దెబ్బ ఎవరి మీద పడుతున్నదో చూడండి. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో పదిహేను వందలమందికి పైగా చనిపోయారు. ముసలివాళ్లూ, ఎండలో పనిచేసే కూలీలే ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వరి పడిపోయింది, పత్తి తడిసింది, మిరప నీళ్లలో నిలబడింది. నష్టం రాసుకోడానికి వచ్చేవాళ్ల కాగితంలో సర్వే నంబరుకు గడి ఉంటుంది, పట్టాదారుకు గడి ఉంటుంది. కౌలుదారుకు సాగుపత్రం కావాలంటే యజమాని సంతకం కావాలని 2019 చట్టం చెప్పింది. కిలో లెక్కన పత్తి తీసే ఆడకూలీకి, కర్నూలు పడమటి పల్లెల నుంచి పిల్లాజెల్లాతో మిరపకోతకు వచ్చినవాళ్లకు ఆ కాగితంలో గడే లేదు. పంట పోతే రైతుకు పంట పోతుంది. కూలీకి పొయ్యి ఆరుతుంది.

కనుక వాతావరణ సమస్య కూలి సమస్య కూడానని మా అభిప్రాయం. ఎండలు ముదిరినప్పుడు పని తెల్లవారుజామునే మొదలై పదకొండింటికి ముగియాలి. పూర్తి కూలి ఇవ్వాలి. చేలో నీళ్లు, నీడ ఉండాలి. మందు కొట్టేవాడికి ముసుగు, చేతితొడుగులు ఇప్పించాలి. తుపాను పరిహారంలో పోయిన పనిదినాలకూ లెక్క ఉండాలి. పరిహారం సాగుచేసినవాడికే అందాలి. మందులు తగ్గించి కంది, పెసర కలిపి వేసే రైతుకు మొదటి రెండు మూడేళ్ల నష్టం ప్రభుత్వం భరించాలి. ఆ పంటలు మద్దతు ధరకు కొనాలి. తెల్లదోమను తట్టుకునే 'కాంచన' పత్తి మన గుంటూరు లాం ఫారం నుంచే వచ్చింది. అటువంటి పరిశోధనకు డబ్బు కావాలి.

ఇందులో సన్నకారు రైతుకూ కూలీకీ తగువు పెట్టాలని చూసేవాళ్లుంటారు. ఖర్చు ఎవరు భరించాలన్నది తేల్చుకోవలసింది ప్రభుత్వంతోనూ, మందులమ్మి లాభాలు తీసినవాళ్లతోనూ. ఈ వేసవిలో ప్రతి ఊరి సంఘమూ ఒక పని చెయ్యాలి. ఎండవల్ల, వానవల్ల ఏ పేటలో ఎందరికి ఎన్ని రోజులు పని పోయిందో, ఎవరు జబ్బుపడ్డారో నోటుపుస్తకంలో రాయాలి. ఆ పుస్తకం తీసుకుని తహసీల్దారు ఆఫీసుకు కలిసి వెళ్లాలి. వాళ్ల కాగితంలో గడి లేకపోతే మన కాగితం వాళ్ల బల్ల మీద పెడదాం.